ప్రశ్న మన ఊరిదే, పరిశోధన కూడా మనదే కావాలి



ఈరోజు నేను ముఖ్యంగా మాట్లాడాలనుకున్నది డిగ్రీ, పీజీ చదువుతున్న పిల్లలతో. ఆసిఫాబాద్‌లో, కాగజ్‌నగర్‌లో, ఉట్నూరులో, మంచిర్యాలలో బీఎస్సీ చదువుతున్నవాళ్లతో, కంప్యూటర్స్ గ్రూపు తీసుకున్నవాళ్లతో. మీ అమ్మానాన్నలు పక్కనే ఉంటే వాళ్లనూ కూర్చోమనండి. ఈ మాటలు వాళ్లకూ అవసరమే.

ముందుగా మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఏటా డిసెంబర్, జనవరి నెలలు రాగానే వార్తల్లో మన ఆసిఫాబాద్ జిల్లా ఊళ్ల పేర్లు వినిపిస్తుంటాయి. సిర్పూర్ యు. తిర్యాణి మండలంలోని గిన్నెధరి. రాష్ట్రంలో బాగా తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఇవి ముందుంటాయి. మనం వార్త వింటాం, దుప్పటి ఇంకొంచెం దగ్గరికి లాక్కుంటాం, అంతే. కానీ ఎందుకు? అదే రాత్రి ఆసిఫాబాద్ పట్నంలో లేని చలి గిన్నెధరిలో ఎందుకు ఉంటుంది? గుట్టల వల్లనా? అడవి వల్లనా? ఇళ్లు తక్కువగా ఉండటం వల్లనా?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి విదేశాలకు పోనవసరం లేదు. బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి వెతకొచ్చు. ఒక అబ్బాయి తన సొంత ఊళ్లో ఉంటూనే వెతకొచ్చు. దాన్నే పరిశోధన అంటాం. ఈరోజు నేను చెప్పబోయేది అదే. పరిశోధన మన ఊరి ప్రశ్నతోనే మొదలుపెట్టొచ్చు. దానికి తోడుపడే దారులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఆ దారులు ఏమిటో, వాటిలోకి ఎట్లా అడుగుపెట్టాలో చెప్తాను.

మొదలుపెట్టే ముందు మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. ఒక ప్రశ్న. ఒక నోటుబుక్కు. ఒక గురువు. మళ్లీ చెప్తున్నా. ప్రశ్న, నోటుబుక్కు, గురువు. ఈ మూడూ ఉంటే మిగతావి ఒకటొకటిగా సమకూరుతాయి.

మన నేల మీద పరిశోధనలు ఈనాటివి కావు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో మలేరి అనే ఊరుంది. ఆ ఊరి దగ్గర రాతిపొరల్లో దొరికిన పురాతన జీవుల ఎముకలను 19వ శతాబ్దంలోనే ఇంగ్లండులోని శాస్త్రవేత్తలు పరిశీలించారు. ఆ రాతిపొరలను భూగర్భ శాస్త్రవేత్తలు ఈరోజుకీ మలేరి ఫార్మేషన్ అనే పిలుస్తారు. మన ఊరి పేరు వాళ్ల పుస్తకాల్లో ఉంది. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఒక పెద్ద డైనోసార్ అస్థిపంజరం ఉంది, చూశారా? దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఆ యామన్‌పల్లి మన ప్రాణహిత పక్కన ఉన్న ఊరే. అక్కడ దొరికిన ఎముకలే హైదరాబాదుకు చేరి అట్లా నిలబడ్డాయి.

ఇక మార్లవాయి. జైనూరు మండలం. గోండుల హక్కుల కోసం పోరాడిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలు అర్పించిన తర్వాత, గోండుల కష్టాలేమిటో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన ఆస్ట్రియా దేశస్థుడు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో ఉండి, గోండుల మధ్య తిరిగి, పుస్తకాలు రాశాడు. 1940లలోనే మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కూడా మొదలైంది. ఇది మనం గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. గూడేల్లో బడి నడపడానికి ఆ గూడేల పిల్లలనే పంతుళ్లుగా తయారుచేశారు.

ఎనభై ఏళ్ల కిందట పంతుళ్లు మనవాళ్లే అయ్యారు. ఇప్పుడు పరిశోధకులూ మనవాళ్లే కావాలి. ఇంతకాలం మన రాళ్ల గురించి, మన అడవుల గురించి, మన భాషల గురించి చాలావరకు బయటి నుంచి వచ్చినవాళ్లే రాశారు. వాళ్లకు మనం రుణపడి ఉన్నాం. కానీ ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు తట్టే ప్రశ్నలు వేరు. వాగు ఏ నెలలో ఎండుతుందో, ఏ గుట్ట మీద ఏ పక్షి గూడు కడుతుందో, అమ్మమ్మ ఏ మాటను ఎట్లా పలుకుతుందో మీకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

ఇప్పుడు కంప్యూటర్స్ చదివేవాళ్లు కొంచెం శ్రద్ధగా వినండి. మన జైనూరు పక్కనే నార్నూర్ మండలం ఉంది కదా. అందులో గుంజాల అనే ఊరు. ఆ ఊళ్లో గోండి భాషకు సొంత లిపిలో రాసిన పాత రాతప్రతులు ఉన్నాయి. 2006లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఆచార్య జయధీర్ తిరుమలరావు నాయకత్వంలో వాటిని వెలుగులోకి తెచ్చారు. అప్పటికి ఆ లిపి చదవగలిగిన పెద్దలు ఊళ్లో కొద్దిమందే మిగిలారు. ఆ పెద్దలు దగ్గర కూర్చుని ఒక్కొక్క అక్షరం చదివి చెప్పారు. పరిశోధకులు రాసుకున్నారు. 2014లో ఆ లిపికి ఫాంటు తయారైంది. అంటే కంప్యూటర్‌లో కనిపించే అక్షరరూపం వచ్చింది.

కానీ ఫాంటు ఒక్కటే చాలదు. ఎందుకో చెప్తాను. మనం ఫోన్‌లో క అని కొడితే, ఫోన్ లోపల అది ఒక సంఖ్యగా ఉంటుంది. ఆ సంఖ్య ప్రపంచమంతా ఒకటే. అందుకే ఆసిఫాబాద్‌లో కొట్టిన క అమెరికాలోని ఫోన్‌లో కూడా క గానే కనిపిస్తుంది. ఆ సంఖ్యల పట్టికను యూనికోడ్ అంటారు. తెలుగు అక్షరాలకు ఆ పట్టికలో 1991లోనే చోటు దొరికింది. గుంజాల గోండి లిపికి 2018లో దొరికింది. ప్రతి అక్షరానికీ, ప్రతి గుర్తుకీ, ప్రతి అంకెకీ ఒక సంఖ్య కేటాయించారు. ఆనాటి నుంచి గుంజాల అక్షరం ప్రపంచంలో ఎక్కడికి పోయినా అదే అక్షరం.

దీంట్లో ఎంతమంది పని ఉందో చూడండి. చదవడం తెలిసిన ఊరి పెద్దలు ఉన్నారు. భాషాశాస్త్రం తెలిసినవాళ్లు ఉన్నారు. ఫాంటు గీసినవాళ్లు, ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లు ఉన్నారు. కంప్యూటర్ సైన్స్ అంటే హైదరాబాద్‌లో హైటెక్ సిటీ ఉద్యోగం ఒక్కటే అనుకోకండి. మన గూడెం భాషకు కీబోర్డు తయారుచేయడం కూడా కంప్యూటర్ సైన్సే. గోండి మాట వింటే దాన్ని అక్షరాల్లోకి మార్చే ప్రోగ్రాం రాయడం కూడా కంప్యూటర్ సైన్సే. ఆదిలాబాద్ జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయులు తొడసం కైలాస్ గారు కృత్రిమ మేధ సాధనాలతో కొలామి భాషలో పాట కట్టారు. 2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి తన మన్ కీ బాత్ ప్రసంగంలో ఆ సంగతి చెప్పారు. బడి పంతులుగా పనిచేస్తూనే ఆయన అది చేశారు. మరి కంప్యూటర్స్ చదువుతున్న మీరు ఎంత చేయగలరు!

అడవి సంగతి కూడా ఒక్కటి చెప్తాను. బెజ్జూరు అడవుల్లో, పెద్దవాగు ఒడ్డున పాలరాపు గుట్ట ఉంది. 2013లో ఆ గుట్ట మీద పొడుగుముక్కు రాబందులు కనిపించాయి. అంతకుముందు దేశమంతటా రాబందులు దాదాపు కనుమరుగయ్యాయి. ఎందుకు చచ్చిపోతున్నాయో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 2004లో శాస్త్రవేత్తలు కారణం పట్టుకున్నారు. పశువులకు నొప్పులు తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు. ఆ మందు వాడిన పశువు చనిపోతే, దాని మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు పాడైపోతున్నాయి. 2006లో మన దేశంలో పశువులకు ఆ మందు వాడకుండా నిషేధించారు. పక్షులు ఎందుకు చస్తున్నాయన్న ఒక్క ప్రశ్న దేశంలో నిబంధనలను మార్చింది. దేశంలో మిగిలిన రాబందులకు అది ఊపిరి పోసింది. జువాలజీ చదివేవాళ్లారా, మీ సబ్జెక్టుకు అంత బలం ఉంది.

సరే, ప్రశ్న ఉంది. దాన్ని పరిశోధనగా ఎట్లా మార్చాలి? మన గిన్నెధరి చలినే తీసుకుందాం. నెమ్మదిగా చెప్తాను, వినండి.

రెండు థర్మామీటర్లు తీసుకోండి. రెండూ ఒకే రకానివి కావాలి. ముందు రెండింటినీ ఒకేచోట, ఒక రాత్రంతా పక్కపక్కన పెట్టండి. రెండూ ఒకే అంకె చూపిస్తున్నాయా? ఒకటి అర డిగ్రీ ఎక్కువ చూపిస్తే ఆ తేడా రాసిపెట్టుకోండి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. పరికరంలోని తేడాను వాతావరణంలోని తేడా అనుకుంటారు.

తర్వాత ఒకటి గూడెంలో, ఒకటి పట్నంలో పెట్టండి. గాలి ఆడేటట్టు రంధ్రాలున్న తెల్లని పెట్టెలో వేలాడదీయండి. నేల నుంచి రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. గోడకు, రేకులకు ఆనకూడదు. రోజూ సూర్యోదయం వేళ ఇద్దరు స్నేహితులు, ఇక్కడొకరు అక్కడొకరు, ఒకే సమయానికి చూసి రాయండి. అంకె ఒక్కటే రాస్తే చాలదు. రాత్రి ఆకాశం ఎట్లా ఉంది? మబ్బు పట్టిందా, చుక్కలు కనిపించాయా? గాలి వీచిందా, కదలకుండా ఉందా? అది కూడా రాయండి. తేదీ వేయండి. ఒక రోజు చూడలేకపోతే చూడలేదని రాయండి. అంచనా వేసి మాత్రం నింపకండి.

రెండు నెలలు గడుస్తాయి. ఇప్పుడు కంప్యూటర్స్ చదివే స్నేహితుడిని పిలవండి. అంకెలన్నీ పట్టికలో ఎక్కించమనండి. రాష్ట్ర ప్రభుత్వం ఓపెన్ డేటా పోర్టల్‌లో మండలాలవారీగా వాతావరణ వివరాలు పెడుతుంది. వాటితో మీ అంకెలను పోల్చి చూడమనండి. పైథాన్‌తో ఒక గ్రాఫ్ గీయమనండి. అప్పుడు మీకే ఏదో కనిపిస్తుంది. చుక్కలు కనిపించిన రాత్రుల్లోనే తేడా ఎక్కువగా ఉందా? మబ్బు పట్టిన రాత్రుల్లో రెండుచోట్లా ఒకేలా ఉందా? అట్లా అయితే ఒక కారణం దొరికినట్టే. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల తన వేడిని పైకి వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి గుట్టల మీద నుంచి పల్లానికి జారుతుంది. మీ లెక్కలు ఆ మాటను బలపరుస్తున్నాయా, కాదంటున్నాయా? ఏది తేలినా సరే, అది ఫలితమే. అనుకున్నది రాకపోవడం కూడా ఒక ఫలితమే. దాన్ని దాచిపెట్టకూడదు.

చూశారా? థర్మామీటర్లు, నోటుబుక్కు, ఇద్దరు ముగ్గురు స్నేహితులు, దగ్గరుండి చూసే ఒక లెక్చరర్. ఇందులో ఫిజిక్స్ ఉంది, జాగ్రఫీ ఉంది, స్టాటిస్టిక్స్ ఉంది, కంప్యూటర్స్ ఉంది. సబ్జెక్టులు వేరు కావచ్చు, ప్రశ్న మాత్రం ఒకటే.

ఇట్లాంటి పనిని చూపించుకోవడానికి వేదిక కూడా ఉంది. తెలంగాణ ప్రభుత్వ డిగ్రీ కళాశాలల విద్యార్థుల కోసం కాలేజీ విద్యాశాఖ జిజ్ఞాస పేరుతో స్టడీ ప్రాజెక్టుల పోటీ నిర్వహిస్తోంది. పేరు గుర్తుపెట్టుకోండి. జిజ్ఞాస. కొందరు విద్యార్థులు జట్టుగా చేరి, ఒక లెక్చరర్ పర్యవేక్షణలో ఒక అంశం మీద పనిచేస్తారు. బాగున్నవి రాష్ట్రస్థాయికి పోతాయి. మీ కాలేజీలో జిజ్ఞాస ఎవరు చూస్తున్నారో రేపే అడిగి తెలుసుకోండి. గెలుపు ఓటముల సంగతి అట్లా ఉంచండి. నలుగురి ముందు నిలబడి, మీరు చేసిన పనిని మీ నోటితో చెప్పడం ఒక్కసారి అలవాటైతే, రేపు ఏ ఇంటర్వ్యూలోనైనా గొంతు వణకదు.

ఇప్పుడు చదువుకు సాయం సంగతి. మన పిల్లల అసలు కష్టం నాకు తెలుసు. ఇంట్లో గోండి, లేదా కొలామి, లేదా మరాఠీ, ఉర్దూ. బడిలో తెలుగు. డిగ్రీకి వచ్చేసరికి ఇంగ్లీషు. క్లాసులో పాఠం అర్థం కాకపోతే తమకు తెలివి లేదేమో అనుకుంటారు. ఆ మాట మనసులోకి రానివ్వకండి. రెండు మూడు భాషలు దాటి వచ్చి సైన్స్ చదువుతున్నారంటే మీది మామూలు కష్టం కాదు.

ఒక పద్ధతి చెప్తాను. పాఠాన్ని ముందు తెలుగులో అర్థం చేసుకోండి. తెలుగు అకాడమీ డిగ్రీ సైన్స్ పుస్తకాలను తెలుగులో వేసింది. పాత పుస్తకమైనా ఫర్వాలేదు, మీ లైబ్రరీలో వెతకండి. సంగతి తెలుగులో బోధపడ్డాక అదే అధ్యాయం ఇంగ్లీషులో చదవండి. అప్పుడు మాటలు ఒక్కటే కొత్తగా ఉంటాయి, విషయం తెలిసిందే కదా.

రెండోది, ఎన్‌పీటీఈఎల్. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన కార్యక్రమం ఇది. ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పిన పాఠాలు వీడియోల్లో ఉంటాయి. ప్రోగ్రామింగ్, గణితం, ఫిజిక్స్, జీవశాస్త్రం, అన్నీ ఉంటాయి. చేరడానికి, వినడానికి డబ్బు కట్టనక్కర్లేదు. చివర్లో పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఆ ఫీజులో రాయితీ కూడా ఉంది. మళ్లీ చెప్తున్నా. పాఠాలు ఉచితం, పరీక్షకే ఫీజు. గూడెంలో సిగ్నల్ అందదంటారా? వీడియోలను డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కాలేజీలో ఉన్నప్పుడు దించుకుని, సెలవులకు ఇంటికి పోయినప్పుడు చూడండి. ఒక్కరే అయితే మధ్యలో వదిలేస్తారు. నలుగురు కలిసి చేరండి. వారం వారం వచ్చే ప్రశ్నలను కలిసి చేయండి.

మూడోది కొత్తగా వచ్చింది. శాస్త్రవేత్తలు తమ పరిశోధనలను జర్నల్స్‌లో ప్రచురిస్తారు. వాటిని చదవాలంటే ఇదివరకు చాలా ఖర్చయ్యేది. పెద్ద పెద్ద సంస్థలే కొనేవి. కేంద్ర ప్రభుత్వం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే పథకం తెచ్చింది. 2025 జనవరి నుంచి అది అమల్లో ఉంది. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో చదివేవాళ్లకు వేలకొద్దీ జర్నల్స్ అందుబాటులోకి తేవడం దాని ఉద్దేశం. మీ కాలేజీ అందులో నమోదైందా? లైబ్రేరియన్ గారిని అడగండి. కాలేదంటే నమోదు చేయించమని ప్రిన్సిపాల్ గారికి ఒక అర్జీ పెట్టండి. నలుగురు సంతకాలు చేసి పెట్టండి. అడిగితేనే కదా కదలిక వచ్చేది.

ఇక నాలుగోది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఎండాకాలం సెలవుల్లో నిజమైన ప్రయోగశాలలో, నిజమైన శాస్త్రవేత్త పక్కన కూర్చుని రెండు నెలలు పనిచేసే అవకాశం. దాన్ని సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ అంటారు. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇన్సా, ప్రయాగ్‌రాజ్‌లోని నాసి, ఈ మూడు అకాడమీలు కలిసి ఏటా ఇస్తాయి. ఎంపికైనవాళ్లకు నెలనెలా భృతి ఇస్తారు. రానుపోను రైలు ఛార్జీలు కూడా ఇస్తారు. అట్లాంటి ప్రయోగశాలలు మనకు దగ్గర్లోనూ ఉన్నాయి. హైదరాబాద్‌లోనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది, ట్రిపుల్ ఐటీ ఉంది. ఇంకా ముందుకు పోతే బెంగళూరు ఉంది, పుణె ఉంది.

దరఖాస్తు ఎండాకాలంలో పెడితే లాభం లేదు. చలికాలంలోనో, అంతకు కాస్త ముందో గడువు దాటిపోతుంది. అందుకని దసరా సెలవుల నుంచే అకాడమీ వెబ్‌సైటు చూస్తూ ఉండండి. ఆ సంవత్సరం గడువు ఎప్పుడో, ఏ ఏడాది చదువుతున్నవాళ్లు అర్హులో అందులో ఉంటుంది.

దరఖాస్తులో మార్కులు అడుగుతారు. ఒక లెక్చరర్ రాసిన సిఫారసు లేఖ అడుగుతారు. ఇంకొకటి అడుగుతారు. ఏం నేర్చుకోవాలనుకుంటున్నావు, ఎందుకు, అని ఒక చిన్న వ్యాసం. ఇక్కడ చాలామంది ఏం రాస్తారో తెలుసా? చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే నాకు చాలా ఇష్టం, దేశానికి సేవ చేయాలని ఉంది, అని రాస్తారు. మంచి మాటలే. కానీ వచ్చిన దరఖాస్తుల కట్టలో ఉన్న వందల కాగితాల్లోనూ అవే మాటలు ఉంటాయి. మీరు అట్లా రాయకండి. మీరు చేసిన పని రాయండి. మా ఊళ్లో రెండు నెలలు రోజూ తెల్లవారుజామున ఉష్ణోగ్రత రాశాం, చుక్కలున్న రాత్రుల్లో ఈ తేడా కనిపించింది, మబ్బున్న రాత్రుల్లో ఎందుకు కనిపించలేదో మాకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు, అది నేర్చుకోవాలని ఉంది. ఇట్లా రాయండి. చదివే ప్రొఫెసర్ అక్కడ ఆగుతారు. ఈ విద్యార్థి స్వయంగా ఆలోచిస్తోందని ఆయనకు తెలిసిపోతుంది. అందుకే మొదట్లో చెప్పాను. ప్రశ్న, నోటుబుక్కు, గురువు. ప్రశ్న మీ వ్యాసం అవుతుంది. నోటుబుక్కు మీకు రుజువు అవుతుంది. గురువు మీ లేఖ రాస్తారు.

సిఫారసు లేఖ గురించి ఒక మాట. గడువు రేపనగా సార్ దగ్గరికి పరుగెత్తకండి. మీరెవరో, ఏం చేశారో తెలియని లెక్చరర్ ఎంత మంచివారైనా రెండు ముక్కలకు మించి రాయలేరు. మొదటి సంవత్సరం నుంచే ఒక సార్ దగ్గరికో, మేడం దగ్గరికో పోయి సందేహాలు అడుగుతూ ఉండండి. మీ నోటుబుక్కు చూపిస్తూ ఉండండి.

డబ్బు సంగతి కూడా చెప్పుకుందాం. ఇంట్లో కష్టంగా ఉన్నప్పుడు పరిశోధన అంటే అమ్మానాన్నలు భయపడతారు. భయపడటంలో తప్పు లేదు. కానీ ఇవి తెలుసుకోండి. ఇంటర్ బోర్డు పరీక్షల్లో అందరికన్నా పైన నిలిచినవాళ్లలో, మొదటి ఒక శాతంలో ఉండి, బీఎస్సీలో మూల విజ్ఞాన శాస్త్రాలు తీసుకున్నవాళ్లకు ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఉంది. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ ఇస్తుంది. మొత్తం ఏడాదికి 80 వేల రూపాయలు. అందులో 20 వేలు వేసవిలో పరిశోధన ప్రాజెక్టు చేయడానికే కేటాయించారు. పీజీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే, పీహెచ్‌డీలో చేరాక మొదట్లోనే నెలకు 37 వేల రూపాయలు ఫెలోషిప్ వస్తుంది. అంటే చదువుకుంటూనే ఇంటికి కొంత పంపొచ్చు. గిరిజన విద్యార్థుల ఉన్నత చదువులకు, పీహెచ్‌డీకి కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ప్రత్యేకంగా జాతీయ ఫెలోషిప్ ఇస్తోంది. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ ముందే మీసేవలో తీసి పెట్టుకోండి. కాగితం లేక అవకాశం పోగొట్టుకోవడం కన్నా బాధ ఇంకొకటి లేదు.

ఇప్పుడు రెండు హెచ్చరికలు. నేను కఠినంగా చెప్తున్నానని అనుకోకండి.

మొదటిది. డబ్బు తీసుకుని ప్రాజెక్టు చేసిపెడతామని, సర్టిఫికెట్ ఇస్తామని చెప్పేవాళ్లు ఉన్నారు. ఆ దారి పట్టకండి. కొన్న ప్రాజెక్టు గురించి ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే మాట రాదు. మీరు చేసిన చిన్న పని, తప్పులున్నా సరే, మీ వెంట నిలబడుతుంది.

రెండోది. ఇప్పుడు కృత్రిమ మేధ సాధనాలు ఫోన్లోనే ఉన్నాయి. వాటిని అడగండి. అర్థం కాని ఇంగ్లీషు పేరా పెట్టి తెలుగులో వివరించమనండి. మీ ప్రోగ్రాంలో తప్పెక్కడుందో చూపించమనండి. అవి చెప్పింది మళ్లీ పుస్తకంలో సరిచూసుకోండి, ఎందుకంటే అవి తప్పు కూడా చెప్తాయి. కానీ మీరు చూడని అంకెలను వాటితో పుట్టించకండి. మీరు ఆలోచించని వ్యాసాన్ని వాటితో రాయించకండి. చలిలో మీరు లేచి చూసి రాసిన అంకెకు ఉన్న విలువ, పుట్టించిన అంకెకు ఎన్నటికీ రాదు.

ఇప్పుడు లెక్చరర్ మిత్రులకు ఒక విన్నపం. మీకు క్లాసులు ఎక్కువ, వేరే పనులూ ఎక్కువ. అయినా ఏడాదికి ఒక జట్టును దగ్గరికి తీయండి. ఫెలోషిప్ నోటీసును నోటీసు బోర్డు మీద అంటించి వదిలేయకండి. దూరపు గూడెం నుంచి వచ్చిన పిల్ల, వెనక బెంచీలో కూర్చుని నోరు విప్పని పిల్ల, ఆ నోటీసు తన కోసం కాదనుకుంటుంది. పేరు పెట్టి పిలిచి, నువ్వు పెట్టమ్మా, నేనున్నాను, అనండి. ఆ ఒక్క మాటతో ఆమె జీవితం మలుపు తిరగొచ్చు.

అమ్మలకు, నాన్నలకు కూడా ఒక మాట. అబ్బాయిని రెండు నెలలు హైదరాబాద్ పంపడానికి ఒప్పుకుంటారు. అమ్మాయి అనేసరికి వెనకాడతారు. మీ భయం నాకు అర్థమవుతుంది. ఎంపిక లేఖ చూడండి. ఆ సంస్థకు మీరే ఫోన్ చేసి, హాస్టల్ ఎక్కడ, బాధ్యత ఎవరిది, అని అడగండి. వీలైతే మొదటి రోజు మీరే ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో రైలెక్కి వెంట వెళ్లి దింపి రండి. కానీ అమ్మాయి అన్న కారణంతో ఆపకండి. ఆమె చదివిన చదువుకు అది దక్కాల్సిన అవకాశం.

శ్రోతలారా, చెప్పినవన్నీ ఒక్కసారి కుదించి చెప్తాను. మొదటిది, మీ ఊళ్లోనే ఒక ప్రశ్న పట్టుకోండి. చలి కావచ్చు, వాగు కావచ్చు, పక్షి కావచ్చు, అమ్మమ్మ భాష కావచ్చు. రెండోది, రోజూ చూసి నోటుబుక్కులో రాయండి. మూడోది, ఒక గురువును వెతుక్కోండి. తర్వాత జిజ్ఞాసలో పాల్గొనండి. ఎన్‌పీటీఈఎల్ పాఠాలు వినండి. దసరా సెలవుల నుంచే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ సంగతి చూడండి. సర్టిఫికెట్లు సిద్ధంగా ఉంచుకోండి.

నేను కోరేది ఒక్కటే. ఈ వారం పూర్తయ్యేలోపు ఒక తెల్లకాగితం తీసుకోండి. మీకు జవాబు తెలియని ఒక ప్రశ్న, మీ ఊరి గురించి, మీ మాటల్లో రాయండి. తెలుగులో రాసినా సరే, గోండిలో రాసినా సరే. కింద మీ పేరు, మీ గ్రూపు రాయండి. మీకు నచ్చిన లెక్చరర్ చేతికి ఇచ్చి, దీని మీద పనిచేయాలనుంది, దారి చూపించండి, అని అడగండి. ఒకరు కుదరదంటే ఇంకొకరిని అడగండి. మన జిల్లా నుంచి పరిశోధకులు రావాలి. వాళ్లలో మీ పేరు ఉండాలి.